చెరువు దెబ్బతిన్న ఏడాది కొత్తల్లుడు వస్తుంటే

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మావారు పన్నెండేళ్లుగా రొయ్యల చెరువులు చేస్తున్నారు. మొదట్లో బాగా కలిసొచ్చింది. పెద్దమ్మాయి పెళ్లైన ఏడాది సంక్రాంతికి అల్లుడికి 116 రకాలు వండించి పెట్టాం, మెడలో గొలుసు వేశాం. ఊరంతా చెప్పుకున్నారు. ఈ రెండేళ్లలో వరసగా మూడు పంటలు వైట్‌స్పాట్ తెగులుతో పోయాయి. లీజు చెరువులు వదిలేశాం, సొంతం రెండెకరాలు మిగిలింది. మేత డీలరుకి బాకీ ఉంది. మొన్న శ్రావణంలో చిన్నమ్మాయి పెళ్లి ఎలాగో గట్టెక్కించాం. ఇది ఆ అల్లుడికి మొదటి పండగ. మావారేమో పండగకి ఊళ్లో ఉండొద్దు, తిరుపతి పోదాం అంటున్నారు. నాకేమో గాజులు తాకట్టు పెట్టయినా పెద్దల్లుడికి చేసినట్టే చేయాలని ఉంది. ఒకప్పుడు పండగ మూడు రోజులూ మా ఇంటి ముందు కార్లు ఆగేవి. ఇప్పుడు పలకరించే ఫోను కూడా లేదు. ఏం చేయమంటారు? ఇంకో చిన్న సంగతి, నవ్వకండి: రెండేళ్లుగా నా అరిసెలు గట్టిగా వస్తున్నాయి. ఎందుకంటారు?
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి

జవాబు: చెల్లెమ్మా, గాజులు తాకట్టు పెట్టకండి. తిరుపతీ వెళ్లకండి. ముందు ఈ రెండూ చెప్పేస్తే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

తిరుపతి ఎప్పుడైనా వెళ్లొచ్చు, దేవుడు ఎక్కడికీ పోడు. కానీ భోగి నాడు పొద్దున్నే మీ గుమ్మానికి తాళం కనబడితే ఊరు ఏమనుకుంటుందో ఆలోచించారా? తక్కువ వండిన ఇంటి గురించి ఒక పూట మాట్లాడతారు. తాళం వేసిన ఇంటి గురించి ఉగాది దాకా మాట్లాడతారు. పైగా మేత డీలరుకి బాకీ ఉందని మీరే రాశారు. బాకీ ఉన్న మనిషి పెద్ద పండగ నాడు కనబడకపోతే అతనికి తోచేది ఒక్కటే. పండగ వెళ్లిన మర్నాడే మనిషిని పంపిస్తాడు. మీవారు గౌరవం కాపాడుకుందామని వెళ్లాలనుకుంటున్నారు గానీ, వెళ్తే ముందు పోయేది అదే. ఈ మాట ఆయనకి నా మాటగా చెప్పండి, మీ మాటగా వద్దు.

ఇక గాజులు. బంగారం తాకట్టు పెట్టడం తప్పని నేననను. మన వైపు ఆడవాళ్ల చేతి గాజులు ఎన్ని పంటలకి పెట్టుబడి అయ్యాయో లెక్కలేదు. ఆ రెండెకరాల్లో మళ్లీ రొయ్య పిల్ల వదలాలంటే మేతకీ, నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్ల కరెంటుకీ చేతిలో డబ్బు ఉండి తీరాలి. అప్పుడు మీ గాజులు పనికొస్తాయి. వాటిని మూడు రోజుల భోజనాలకి కరిగించేస్తే చెరువు వేళకి చేతులు బోసిగా ఉంటాయి, వడ్డీ మాత్రం నడుస్తూ ఉంటుంది.

ఆ 116 రకాల సంగతి కాస్త నిలబెట్టి మాట్లాడాలి. మిమ్మల్ని అసలు బాధపెడుతున్నది అదేనని ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. మన జిల్లాల్లో ఇదొక పోటీ అయిపోయింది. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు పెట్టిందని పేపర్లలో వచ్చింది గుర్తుందా? బిస్కెట్లు, కేకులు, పళ్లు అన్నీ ఆ లెక్కలోవే. మీ 116లో మీ చేత్తో వండినవి ఎన్ని, కొట్లోంచి తెచ్చి గిన్నెల్లో సర్దినవి ఎన్ని, ఒకసారి గుర్తు చేసుకోండి. పెద్దల్లుడిని సరదాగా అడిగి చూడండి, ఆ రోజు ఏం తిన్నావు బాబూ అని. నాలుగు పేర్లు చెబితే గొప్ప. అలాంటి విస్తరి ముందు కూర్చున్న పిల్లాడు తినడు, ఫోటోకి కూర్చుంటాడు. ఒక్కో గిన్నెలోంచి చిటికెడు తీసుకుని, అత్తగారి మొహం చూసి తల ఊపుతాడు.

ఇంకొక మాట, కష్టంగా ఉన్నా చెప్పాలి. ఆ ఏడాది మీ వీధిలోనో పక్క వీధిలోనో ఇంకొక తల్లి కూతురికి పెళ్లి చేసి ఉంటుంది. మీ ఫోటోలు ఆమె ఫోనుకి కూడా వెళ్లి ఉంటాయి. ఆమె కూడా గాజుల వంక చూసుకుని ఉంటుంది. ఈ రోజు మిమ్మల్ని భయపెడుతున్న కొలత వియ్యంకుడు పెట్టింది కాదు, ఊరు పెట్టిందీ కాదు, ఆ రోజు మీ ఇంట్లో పెట్టిందే. నిష్ఠూరంగా అనడం లేదు. మీరు పెట్టిన కొలత గనక దాన్ని తీసి పక్కన పెట్టే హక్కు కూడా మీకే ఉందని చెబుతున్నాను.

మరి ఏం వండాలి? ఈ రోజుల్లో ఏది దొరుకుతుందో అదే వండండి. డబ్బు పెట్టే విస్తరిలో జనవరిలో మామిడి రసం ఉంటుంది. కాలం పెట్టే విస్తరిలో జనవరిలో తేగలుంటాయి. మొదటిదానికి అప్పు చేయాలి, రెండోదానికి సంతకి వెళ్తే చాలు. కాలంలో పండినది ఎప్పుడూ చవకే, రుచీ దానిదే. ఎంత డబ్బున్నా ఇప్పుడు పులస పెట్టగలరా? గోదారికి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు వచ్చింది, వెళ్లిపోయింది. మళ్లీ ఆషాఢం, శ్రావణం రావాలి.

సార్వా కోతలు అయిపోయాయి, కొత్త బియ్యం వచ్చాయి. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన మన స్వర్ణ బియ్యమే చాలు, సన్నబియ్యం కోసం వెతుక్కోకండి. కొత్త బెల్లం వచ్చింది. పాదుల నిండా చిక్కుడుకాయలు, కోడిగుడ్డంత వంకాయలు, తీపి గుమ్మడి, కంద, చిలగడదుంప ఉన్నాయి. భోగి పళ్లకి రేగిపళ్లు ఉండనే ఉన్నాయి. తాటిపళ్ల కాలంలో పాతర వేసిన టెంకలు ఇప్పుడు తవ్వుతున్నారు. తేగలు కాల్చి, పైపొర ఒలిచి, నిలువునా చీల్చి, మధ్యలో చందమామ తీసి పెడితే హైదరాబాదులో ఉద్యోగం చేసే పిల్లాడు ఎలా తింటాడో చూడండి. టెంక పగలగొడితే లోపల బుర్రగుంజు ఉంటుంది. అది ఏ కొట్లోనూ దొరకదు. కొత్తల్లుడిని అరుగు మీద కూర్చోబెట్టి చేతికి కత్తి ఇవ్వండి, తనే కొట్టుకుంటాడు. మరదలు వరసైన పిల్లలు చుట్టూ చేరతారు. దానికి మించిన మర్యాద నాకు తెలియదు.

భోగి నాడు తలంట్లయ్యాక ఇడ్లీలో దోసెలో, మధ్యాహ్నం పులిహోర, కంద బచ్చలి కూర, ముద్దపప్పు. సంక్రాంతి నాడు కొత్త బియ్యంతో చక్కెర పొంగలి, గుమ్మడికాయ ముక్కల పులుసు, చిక్కుడుకాయ కూర, గారెలు, పెరుగన్నం. కనుమ నాడు మినుము తినాలి కాబట్టి మళ్లీ గారెలే, నాటుకోడి పులుసుతో. ఒక పూట వంకాయ ఎండురొయ్యలు. పిండివంటలు మూడు చాలు: అరిసెలు, పోకుండలు, జంతికలు. అరిసెల చలిమిడిలోంచే కాస్త తీసి కొబ్బరి ముక్కలు కలిపి ఉండలు చేస్తే పోకుండలు అయిపోతాయి, ఒక పాకానికి రెండు వంటలు. కొనాల్సినవి మినప్పప్పు, నూనె, నెయ్యి, నువ్వులు, బెల్లం, రెండు నాటుకోళ్లు. ఆత్రేయపురం పూతరేకులు ఒక పెట్టె తెప్పించాలని మనసైతే తెప్పించుకోండి, అదొక్కటి నేను కాదనను.

వండేవాళ్లని పెట్టకండి. పెద్దమ్మాయిని నాలుగు రోజులు ముందే రమ్మనండి. అక్కాచెల్లెళ్లిద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని అరిసెలు వత్తితే ఆ ఇంట్లో పండగ భోగికి ముందే మొదలైపోతుంది.

ఇప్పుడు మీవారి సంగతి. ఆయన ఊరు వదిలి పోదామంటున్నది వంటల కోసం కాదు, మొహం చూపించలేక. పన్నెండేళ్లలో ఎక్కువకాలం ఆయన ఊళ్లో గెలిచిన మనిషి. ఆయన చెరువు కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క, ఎంతొచ్చిందో చుట్టుపక్కల వాళ్లు అడిగి తెలుసుకునేవాళ్లు. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. దానికి వంటింట్లోంచి మందు వేయలేం. కానీ ఒక లెక్క గుర్తు చేయొచ్చు.

1990ల మొదట్లో మన కోస్తాలో టైగర్ రొయ్యతో ఎంతమంది లేచారో ఆయన పెద్దవాళ్ల నోట విని ఉంటారు. వరి చేలు చెరువులయ్యాయి, చెరువుల మీద మేడలు లేచాయి. 1994 చివర్లో వైట్‌స్పాట్ పడింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర ప్రాంతపు రొయ్యల చెరువులకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. మేడలు కట్టినవాళ్లలో చాలామంది మళ్లీ నాగలి పట్టారు. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక ఇంకో తరం లేచింది. మీవారు చెరువు మొదలుపెట్టింది ఆ ఊపులోనే. రోగం లేని పిల్ల దొరికింది, ధర నిలబడింది, ఆయన కష్టమూ తోడైంది. అంటే గెలుపులో ఆయన వాటా ఉంది, కాలం వాటా కూడా ఉంది. ఓటమిలోనూ అంతే. వైట్‌స్పాట్ వైరస్, దానికి మందు లేదు. పక్క చెరువులో వదిలిన నీళ్లు అదే బోదెలోంచి మీ చెరువులోకి వస్తే, ఒక పీత గట్టు దాటితే, ఎంత తెలివైనవాడైనా చేసేది లేదు. లాభం వచ్చినప్పుడు అంతా నా చేతి చలవే అనుకున్నవాడు, పోయినప్పుడు అంతా నా చేతకానితనమే అనుకోక తప్పదు. మీవారు ఆ మొదటి మాట కొంచెం గట్టిగానే నమ్మి ఉంటారు. అందుకే రెండోది ఇంత బరువుగా ఉంది.

మన గోదావరి భోగమే ఎంత కాలం నాటిది చెప్పండి? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కదా డెల్టాకి ఈ కళ వచ్చింది. అంతకు ఇరవై ఏళ్ల ముందు ఇదే నేల మీద జనం కరువుకి మాడిపోయారు. ఈ పచ్చదనం ఎప్పుడూ ఉన్నదీ కాదు, రాసిపెట్టి వచ్చిందీ కాదు.

నేను కోనసీమ దాన్ని. 1996 నవంబరు 6 తుపాను మీకూ గుర్తుండే ఉంటుంది. మా అత్తవారి కొబ్బరి తోట ఒక్క రాత్రిలో పడుకుంది. పడిన చెట్ల మొవ్వు కోసుకుని ఆ వారమంతా అదే కూర. రెండు నెలలకి సంక్రాంతి వచ్చింది. మా అత్తయ్య అల్లుళ్లకి కబురు చేసింది: పండగకి రండి, గొడ్డళ్లు తెచ్చుకోండి అని. వచ్చారు. బెల్లం పరమాన్నం, గుమ్మడికాయ పులుసు, అంతే. తిన్నాక పంచెలు ఎగగట్టి చెట్లు నరికి దుంగలు పక్కకి లాగారు. చిన్నల్లుడుగారు గవర్నమెంటు ఆఫీసరు, ఆయన చేతులు బొబ్బలెక్కిపోయాయి. మళ్లీ వేసిన మొక్కలు కాపుకి రావడానికి ఆరేడేళ్లు పట్టింది. ఆ ఏళ్లన్నీ మధ్యలో వేసిన అరటితో నెట్టుకొచ్చారు. మా ఆడపడుచుల పిల్లలు ఇప్పటికీ అత్తయ్యగారి పండగ అంటే ఆ గొడ్డళ్ల పండగ గురించే చెబుతారు. అంతకుముందు చేసిన ఘనమైన పండగలు ఎవరికీ విడివిడిగా గుర్తు లేవు.

కాబట్టి అల్లుళ్ల దగ్గర దాచకండి. ముందు పెద్దమ్మాయికి చెప్పండి, మొత్తం చెప్పండి, బాకీ ఎంతో కూడా. ఆమెకి సగం తెలిసే ఉంటుంది. తర్వాత చిన్నమ్మాయికి మీరే చెప్పండి, అక్క చేత చెప్పించొద్దు. అక్కకి ఎక్కువ, నాకు తక్కువ అనే మాట పుట్టేది డబ్బు వల్ల కంటే దాపరికం వల్ల. వియ్యపురాలికి కూడా మీరే ఫోను చేయండి. మీవారిని వియ్యంకుడితో మాట్లాడించకండి, మగవాళ్లిద్దరూ మాట్లాడుకుంటే ఒకరు లేనిది చెబుతారు, ఒకరు వద్దనలేక ఊరుకుంటారు. 'వదినగారూ, ఈ ఏడు చెరువులు దెబ్బతీశాయి. పిల్లల్ని పంపండి. ఉన్నంతలో ముచ్చటగా చేసుకుంటాం' అంటే చాలు. క్షమించమని అడగొద్దు. వచ్చే ఏడు గొలుసు పెడతాం అని అసలు అనొద్దు. నోటితో ఒప్పుకున్నదీ బాకీయే, పుస్తకంలో ఎక్కదు గానీ వచ్చే సంక్రాంతికి గుమ్మంలో నిలబడుతుంది. ఈసారి ఇద్దరల్లుళ్లకీ ఒకే ధరలో బట్టలు తీయండి. కూతుళ్లకి చీరలు కూడా అంతే. పెద్దల్లుడికి తక్కువైందని అనుకుంటాడేమోనని కంగారు వద్దు, అతను గొలుసు వేసుకుని తిరుగుతున్నాడుగా.

ఒకవేళ వియ్యాలవారు మూతి ముడిస్తే? ముడవనివ్వండి. రెండేళ్ల తర్వాత తెలియాల్సింది ఇప్పుడే తెలిసిందనుకోండి.

కార్లలో వచ్చినవాళ్లు ఏమయ్యారని అడిగారు. వాళ్లలో కొందరు లీజు కోసం, కొందరు మేత అమ్ముకోవడానికి, కొందరు కౌంట్ చూసి ధర మాట్లాడుకోవడానికి వచ్చేవాళ్లు. పని ఉంటే వచ్చారు, ఇప్పుడు పని ఇంకొకరి చెరువు మీద ఉంది. వాళ్ల మీద కోపం పెట్టుకోకండి, మళ్లీ వచ్చినప్పుడు మురిసిపోనూ వద్దు.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. మీది భీమవరం వైపు. ఆ మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గర ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. దెబ్బతిన్న మనిషికి ఒక్క కోడి మీద మొత్తం తిరిగొచ్చేస్తుందనిపిస్తుంది. గుండాట బల్ల దగ్గరా అదే. మీవారు సరదాకి చూసొస్తానంటే కొత్తల్లుడిని వెంట పంపకండి, పెద్దల్లుడిని అసలు పంపకండి. మీ పెద్దమ్మాయి పిల్లలుంటే వాళ్లని తాతగారి చంకనెక్కించండి. పండగ ఖర్చు డబ్బు మీ చేతిలోనే ఉంచుకోండి, ఇచ్చేది కూడా రోజు లెక్కన ఇవ్వండి. దీనికి ఆయన నొచ్చుకున్నా పరవాలేదు.

సంక్రాంతి నాడు పెద్దలకి బట్టలు పెట్టుకుంటారుగా, ఆ పని ఈసారి మీవారి చేతే చేయించండి. ముందురోజు అడగండి, మామయ్యగారికి ఏం ఇష్టమని. ఏది చెబితే అది వండి ఆ విస్తట్లో పెట్టండి, తోటకూర పులుసైనా సరే. తండ్రి పంట పోయిన ఏళ్లు ఎలా గడిపారో ఆయనకి గుర్తుంటుంది, ఆ పూట అల్లుళ్లకి చెబుతారేమో. చెప్పకపోయినా బలవంతం చేయకండి. చెరువు మాట మాత్రం ముక్కనుమ వెళ్లేదాకా ఇంట్లో ఎవరూ ఎత్తొద్దు. మళ్లీ పిల్ల వదలాలా, వరి వేయాలా, చేపకి మారాలా అన్నది తర్వాత మేత డీలరు ఎదుటే కూర్చుని, బాకీకి వాయిదాలు రాయించుకున్నాక తేల్చుకోండి.

అరిసెల మాట. నవ్వలేదు. పనివాళ్లున్న రోజుల్లో ఇంట్లోనే రోట్లో దంపించేవాళ్లేమో, ఇప్పుడు మిల్లులో ఆడిస్తున్నారా? మిల్లు నుంచి ఇంటికొచ్చి పాకం పెట్టేసరికి పిండి ఆరిపోతుంది. ఆరిన పిండి అరిసెని గట్టిగా చేస్తుంది. బియ్యం ఒక రోజంతా నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉండి, వడకట్టి, చెమ్మ ఉండగానే ఆడించండి. జల్లించిన పిండిని చేత్తో అదిమి, తడిగుడ్డ కప్పి ఉంచండి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. నీళ్ల పళ్లెంలో పాకం చుక్క వేస్తే వేళ్ల మధ్య మెత్తని ఉండ కావాలి. పళ్లేనికి తగిలి ఠంగుమంటే ముదిరిపోయినట్టే. పొయ్యి మీంచి దించాకే పిండి పోయండి, నువ్వులు, నెయ్యి అప్పుడే. మొదట ఒక్క అరిసె వేసి చూడండి. నూనెలో విచ్చిపోతే కాస్త పిండి కలపండి, గట్టిగా వస్తే వేడి పాలు కొంచెం చిలకరించి మళ్లీ మర్దించండి. మూడు కిలోల బియ్యం పోస్తే ఇంట్లోకీ, రెండు వియ్యాలవారికీ వస్తాయి. డీలరు ఇంటికి కూడా ఒక డజను పంపించండి, మీవారి చేత.